చక్రముల మీది ఇల్లు : దాని నొగ, దాని తీగలు, దాని చలికాలము

1947లో తీసిన ఒక ఛాయాచిత్రము అమెరికాలోని మోటారు యాత్రికులకు బాగా తెలిసినది. ఫ్రెంచి సైకిలు పందెగాడు ఆల్‌ఫ్రెడ్ లెటూర్నర్ తన సైకిలు వెనుక ఒక అల్యూమినియపు ట్రెయిలరును కట్టి లాగుతున్నాడు. ఇక్కడ ట్రెయిలరు అంటే సరకుల బండి కాదు. మంచము, పొయ్యి, నీళ్ళ తొట్టి, దీపములు అమర్చి, చక్రముల మీద నిలిపిన చిన్న ఇల్లు. మోటారు కారు వెనుక దానిని తగిలించుకొని కుటుంబముతో సహా దేశాటనము చేయుట అక్కడివారికి వందేండ్ల నుండి అలవాటు. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ తన బండి ఎంత తేలికయో చూపుటకు ఆ చిత్రమును ప్రచారము చేసినది. పిమ్మట అదే ఆ కంపెనీకి చిహ్నమైనది.

చిత్రములో మోసము లేదు. కాని అది చెప్పినది సగము సత్యమే. 1500 కిలోగ్రాముల బండి చదునైన తారు రోడ్డు మీద నెమ్మదిగా దొర్లుతున్నదనుకొందాము. గాలి చక్రములకు రోడ్డు కలిగించే దొర్లుడు నిరోధము బండి బరువులో నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే. అనగా ఇరవైరెండున్నర కిలోగ్రాముల బరువును లాగునంత బలము చాలు. బలిష్ఠుడైన సైకిలు పందెగాడు కొంత దూరము లాగగలడు. అదే బండి గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోతున్నప్పుడు దానిలోని గతిశక్తి సుమారు 3 లక్షల 70 వేల జౌలులు. ఎనిమిది అంతస్తుల మేడ పైనుండి ఆ ఇంటిని క్రిందికి త్రోస్తే నేలను తాకే వేళకు దానికి వచ్చే వేగమంత అది. లాగుట సుళువు, ఆపుట కష్టము. ట్రెయిలరు బండి చరిత్రను పత్రికలు ఎక్కువగా దాని మెరిసే పైరేకును చూచి వ్రాసినవి. నిజమైన చరిత్ర మాత్రము కారుకూ బండికీ నడుమ ఉన్న గుప్పెడంత ఇనుప గుండులోను, దాని ప్రక్కగా పోయే తీగల కట్టలోను ఉన్నది.

తొలినాటి సంగతులు త్వరగా చెప్పుకొనవచ్చును. 1885లో నౌకాదళపు విశ్రాంత వైద్యుడు గోర్డన్ స్టేబుల్స్ ఇంగ్లండులో గుర్రములు లాగే విహార శకటమును చేయించుకొన్నాడు. 1919లో బర్మింగ్‌హామ్‌లోని ఎకెల్స్ సంస్థ మోటారు వెనుక లాగే బండ్లను చేయసాగినది. అదే సంవత్సరము అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రమందలి టాంపా నగరములో ‘టిన్ కాన్ టూరిస్టులు’ అనే సంఘము ఏర్పడినది. చలికాలము రాగానే ఉత్తరాది నుండి దక్షిణాదికి వలసపోయి గుడారములలోను, బండ్లలోను కాపురము చేసేవారి సంఘమది.

ఈ బండ్లను తీర్చిదిద్దిన వారిలో వడ్రంగులకన్న ఇతర వృత్తులవారే ఎక్కువ. డెట్రాయిట్ నగరవాసి ఆర్థర్ షెర్మన్ సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుడు. అయిదు నిమిషములలో నిలుపవచ్చునని చెప్పి అమ్మిన ఒక గుడారపు బండిని కొనుక్కొని విహారమునకు పోగా, వాన వచ్చి కుటుంబమంతా తడిసి ముద్దయినది. గట్టి గోడలు గల బండిని తానే చేయించి 1930లో డెట్రాయిట్ మోటారు ప్రదర్శనములో ఉంచినాడు. కొద్ది సంవత్సరములలోనే అతని ‘కవర్డ్ వాగన్’ కంపెనీ అమెరికాలో అన్నిటికన్న పెద్ద ట్రెయిలరు కర్మాగారమైనది. విమానములు నిర్మించిన గ్లెన్ కర్టిస్ 1920ల చివరలో ‘ఏరోకార్’ అనే బండిని తెచ్చినాడు. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన విమానపు నిర్మాణమును పర్యవేక్షించిన హాలీ బౌలస్ 1934లో విమానపు ఒడలి వంటి అల్యూమినియపు బండిని చేసినాడు. ఆ నమూనానే తీసికొని మార్చి, వాలీ బయామ్ 1936లో ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ను 1200 డాలర్లకు అమ్మినాడు. ఆర్థిక మాంద్యపు రోజులలో అది చిన్న మొత్తము కాదు.

విమానమువారు వచ్చినందువలన బండ్లు తేలికైనవి, గాలిని చీల్చుకొని పోయే ఆకారమును పొందినవి. వేగమూ పెరిగినది. వేగము పెరిగిన కొలది అతుకు దగ్గర చిక్కులు మొదలైనవి.

మన పల్లెలలో ఎద్దుబండి తోలినవారికి ఈ చిక్కు వివరించనక్కరలేదు. బండిలో బరువు వెనుకకు పడితే కాడి పైకి లేచి ఎద్దుల మెడలకు పట్టీలు బిగిసిపోతవి. ముందుకు మరీ పడితే మూపులు పుండ్లు పడతవి. నేర్పరియైన రైతు బస్తాలు వేసేటప్పుడు బరువు ఇరుసుకు కొద్దిగా ముందుండునట్లు సర్దుకొంటాడు. ట్రెయిలరుకు కూడా నొగ ఉన్నది. దాని కొసన బోర్లించిన గిన్నె వంటి ఉక్కుమూత ఉంటుంది. కారు వెనుక బిగించిన ఉక్కు గుండు మీద ఆ గిన్నె కూర్చుంటుంది. మొత్తము బండి బరువులో నూటికి 10 నుండి 15 వంతులు గుండు మీద పడవలెనని అనుభవము నేర్పినది. అంతకు తగ్గితే బండి గురుత్వ కేంద్రము ఇరుసును సమీపిస్తుంది. వెనుకకు జరిగితే ఇక ప్రమాదమే.

ఎందుకు ప్రమాదమో చూడవలెను. గాలి విసురు వలననో, ప్రక్కనుండి లారీ దాటిపోవుట వలననో బండి తోక ఒక ప్రక్కకు ఊగుతుంది. చక్రములు రోడ్డును పట్టుకొని ఆ ఊపును అణచవలెను. కాని ఈ అణచే బలము బండి వేగము పెరిగిన కొలది తగ్గుతుంది. చక్రము ఎంత ఏటవాలుగా దొర్లుతున్నదో దానిపై ప్రక్కబలము ఆధారపడి ఉంటుంది. ఊగుడు వేగము ఒకటే అయినా, ముందుకు పోయే వేగము రెట్టింపైతే ఆ ఏటవాలు సగమవుతుంది. కనుక ప్రతి బండికీ ఒక హద్దు వేగమున్నది. అది దాటితే ఊపు తగ్గక, లోలకమును ప్రతిసారీ ఎవరో తోసినట్లు పెరుగుతూ పోయి కారునే త్రిప్పివేస్తుంది. అట్టి సమయములో కారు బ్రేకు గట్టిగా త్రొక్కితే వెనుక బండి ముందుకు త్రోసి మరింత మెలి పెడుతుంది. వెనుక బండి బ్రేకులను మాత్రమే వేస్తే అది కారును వెనుకకు లాగి, దారపు కొసను లాగినట్లు రెంటినీ తిన్నగా చేస్తుంది. కారులో డ్రైవరు చేతి దగ్గర ట్రెయిలరు బ్రేకుకు వేరొక మీట ఉండుటకు కారణమిదే.

గుండు మీద బరువు ఉండవలెనన్నామే, దాని వలన మరొక చిక్కు పుట్టినది. కారు ముందు, వెనుక ఇరుసుల దూరము 3 మీటర్లు, వెనుక ఇరుసు నుండి గుండు 1.2 మీటర్లు, గుండు మీద బరువు 200 కిలోగ్రాములు అనుకొందాము. వెనుక ఇరుసును ఆధారముగా తీసికొని తులాదండ సూత్రము ప్రకారము లెక్కిస్తే, కారు ముందు చక్రముల మీదినుండి 80 కిలోగ్రాముల బరువు లేచిపోతుంది. వెనుక ఇరుసు మీద 280 కిలోగ్రాములు అదనముగా పడతవి. కారు తోక క్రుంగి, ముక్కు పైకెత్తి, ముందు దీపములు చెట్లకొమ్మలను చూపుతవి. త్రిప్పే చక్రములకు రోడ్డు పట్టు తగ్గుతుంది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత వాడుకలోకి వచ్చిన ‘బరువు పంచే కొక్కెము’ దీనికి విరుగుడు. గుండు దగ్గరనుండి నొగ ప్రక్కల వెంట రెండు ఉక్కు స్ప్రింగు కడ్డీలను పోనిచ్చి, వాటి కొసలను గొలుసులతో పైకి లాగి కట్టుతారు. తోపుడు బండిని రెండు పిడులు పట్టి ఎత్తినట్లే, ఆ కడ్డీలు కారు వెనుక భాగమును ఎత్తి, కొంత బరువును కారు ముందు చక్రములకూ, కొంత ట్రెయిలరు ఇరుసుకూ పంచుతవి. ఇంత సామాన్యమైన ఉపాయము పెద్ద బండ్లను మామూలు కార్లు లాగుటకు దారి తీసినది. ఈ కథలో దీనికి దక్కవలసినంత పేరు దక్కలేదు.

ఇక బ్రేకుల మాట. వేగమును కొలిచే మీటరు తయారీలో పేరు గడించిన ఆర్థర్ వార్నర్ అనే విస్కాన్సిన్ రాష్ట్రవాసి 1920లలో ట్రెయిలరుకు విద్యుత్తుతో పనిచేసే బ్రేకును కల్పించినాడు. కారు బ్రేకులను నడిపే నూనె గొట్టమును వెనుక బండి వరకు పొడిగించుట ఇబ్బందికరము. విప్పినప్పుడెల్ల నూనె కారుతుంది, గొట్టములో గాలి చేరుతుంది. తీగ అయితే ఒక ప్లగ్గుతో తగిలించి, ఒక ప్లగ్గుతో తీసివేయవచ్చును. చక్రముతోపాటు తిరిగే బ్రేకు డ్రమ్ములోపల చదునైన ఉక్కు ముఖమున్నది. దానికి ఎదురుగా ఒక మీట చివరన చిన్న విద్యుదయస్కాంతము వ్రేలాడుతుంది. విద్యుత్తు ప్రవహించగానే అయస్కాంతము తిరుగుతున్న ఉక్కుముఖమును అంటుకొని దానితోపాటు కొట్టుకొనిపోబోతుంది. దానిని మోసే మీట తిరిగి, బ్రేకు చెప్పులను డ్రమ్ముకు ఒత్తుతుంది. బండిని ఆపే బలము విద్యుత్తుది కాదు, తిరిగే చక్రముదే. విద్యుత్తు కేవలము సైగ చేస్తుంది. ఈ అమరికలో ఒక లోపమున్నది. చక్రము కొంచెమైనా తిరిగినగాని పట్టు రాదు కనుక, నిలిపిన బండికి ఈ బ్రేకు కాపలా కాయదు. చక్రముల క్రింద దిమ్మలు పెట్టవలసినదే.

విద్యార్థులకు ఓమ్ సూత్రమును చెప్పేటప్పుడు ఈ బ్రేకును మించిన ఉదాహరణము దొరకదు. 12 వోల్టుల వద్ద ఒక్కొక్క అయస్కాంతము సుమారు 3 ఆంపియరులు తీసికొంటుంది, అనగా దాని నిరోధము 4 ఓములు. నాలుగు చక్రములకు నాలుగు అయస్కాంతములను సమాంతరముగా కలిపితే మొత్తము నిరోధము 1 ఓము, ప్రవాహము 12 ఆంపియరులు. పాత బండ్లలో చాలవాటిలో విద్యుత్తు తిరిగి పోవుటకు వేరే తీగ లేదు. బండి ఉక్కు చట్రమే మార్గము. చట్రమునకు తీగను బిగించిన మరచుట్టు ముప్పది, నలుబది సంవత్సరముల తుప్పు చేరి అక్కడ అర ఓము నిరోధము ఏర్పడినదనుకొందాము. మొత్తము ఒకటిన్నర ఓములైనది. ప్రవాహము 8 ఆంపియరులకు పడిపోయినది. అయస్కాంతపు ఆకర్షణ, ఇనుము సంతృప్తి చెందనంతవరకు, ప్రవాహము యొక్క వర్గమును అనుసరిస్తుంది. మూడింట రెండు వంతుల వర్గము తొమ్మిదింట నాలుగు. అర ఓము తుప్పు బ్రేకు పట్టులో సగమునకు పైగా మ్రింగివేసినదన్నమాట. చిత్రమేమంటే, బండి ఆగియుండగా తీగను ఊడదీసి వోల్టుమీటరు పెట్టి చూస్తే అది 12 వోల్టులనే చూపుతుంది. మీటరు గుండా ప్రవహించే విద్యుత్తు అత్యల్పము కనుక తుప్పు వద్ద వోల్టేజి నష్టమే ఉండదు. అయస్కాంతములను పనిచేయిస్తూ కొలిచినప్పుడే దొంగ దొరుకుతాడు. పాత బండిని కొని, మీటరు చూచి సంతృప్తిపడి, కొండదారి దిగబోయిన వానికి ఆ సంగతి తెలిసేది మలుపు దగ్గరనే.

కొక్కెము ఊడిపోతే బండి తనంత తాను ఆగుటకు కూడా ఏర్పాటున్నది. కారుకు కట్టిన సన్నని ఉక్కుత్రాడు ట్రెయిలరు నొగమీది స్విచ్చినుండి ఒక మేకును లాగివేస్తుంది. వెంటనే ట్రెయిలరు సొంత బ్యాటరీనుండి విద్యుత్తు అయస్కాంతములకు పోతుంది. గుండు క్రింద కత్తెరగా వేసిన రెండు గొలుసులు నొగ నేలను కూడకుండ ఉయ్యాలవలె పట్టుకొంటవి. గుండ్ల పరిమాణములు ఒకటి కాకపోవుట మరొక ఉపద్రవము. 2 అంగుళముల గిన్నెలో 1 7/8 అంగుళముల గుండు చక్కగా కూర్చున్నట్లే కనిపించి, మొదటి గతుకులో ఎగిరిపోతుంది.

బండిలోని దీపముల కథ వేరు. తొలి బండ్లలో రెండు విద్యుత్తులుండేవి. ప్రయాణములో కారు బ్యాటరీ నుండి 6 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. మజిలీలో గోడ ప్లగ్గునుండి 110 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. 1950ల నడుమ అమెరికా కార్లు 6 వోల్టులను విడిచి 12 వోల్టులకు మారినవి. దాని వలన పాత బండ్లకు చిక్కు వచ్చినది. 6 వోల్టుల బల్బుకు 12 వోల్టులిస్తే అది నాలుగు రెట్ల శక్తిని గ్రహింపజూచి క్షణములో మాడిపోతుంది.

బయామ్‌కు మజిలీ ప్లగ్గు మీద ఆధారపడుటయే ఇష్టము లేదు. ఊరికి దూరముగా, ఏ తీగా ఏ గొట్టమూ లేనిచోట రాత్రి గడపగల బండి కావలెనని అతని పట్టుదల. 1957లో వచ్చిన ‘ఇంటర్నేషనల్’ నమూనాలో నీరు, వెలుతురు, వంట సమస్తము బండిలోనే ఇమిడినవి. 1959లో ఆఫ్రికా దక్షిణపు కొసనున్న కేప్‌టౌన్ నుండి 41 బండ్లు వరుసగా బయలుదేరి 1960లో కైరో చేరినవి. 1962లో బయామ్ మరణించినాడు. అతని మరణము తరువాత 1963–64లో సింగపూరు నుండి పోర్చుగల్‌లోని లిస్బన్ వరకు మరొక వరుస మనదేశము మీదుగానే సాగినది. 1969లో చంద్రునిపై నుండి తిరిగివచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్‌డ్రిన్, కాలిన్స్‌లను ఏకాంతముగా ఉంచినది కూడా చక్రములు తీసి మార్చిన ఎయిర్‌స్ట్రీమ్ బండిలోనే.

సొంత బ్యాటరీ వచ్చిన తరువాత దానిని నింపే పరికరము కావలసివచ్చినది. 1960లు, 1970ల ఎయిర్‌స్ట్రీమ్ బండ్లలో ‘యూనివోల్ట్’ అనే పెట్టె ఉండేది. ఏకాంతర విద్యుత్తును తగ్గించి, ఏకముఖముగా మార్చి దీపములకూ బ్యాటరీకీ ఇచ్చేది. తేనెటీగవలె గుయ్యిమని మ్రోగేది. బ్యాటరీ నిండినదో లేదో గ్రహించే తెలివి దానికి తక్కువ. చలికాలమంతా తగిలించి ఉంచితే నీరు కాస్త విఘటనము చెంది హైడ్రొజను, ఆక్సిజనులుగా పోయి, పలకలు బయటపడేవి. అందుచేత నేడు పాత బండ్లను బాగుచేసేవారు మొట్టమొదట తీసివేసే వస్తువులలో అది ఒకటి. నిండిన స్థితిని గమనించి తనంత తాను తగ్గిపోయే పరికరములు ఇప్పుడున్నవి.

అంతకన్న భయంకరమైనది ఇంటి విద్యుత్తు వైపు ఉన్నది. పాత బండ్ల ప్లగ్గుకు రెండే మేకులు. ఏ మేకైనా ఏ రంధ్రములోనైనా దూరేది. కొన్నిటిలో న్యూట్రల్ తీగను బండి చట్రమునకు కలిపియుంచేవారు. ప్లగ్గు తారుమారైతే బండి పైరేకు అంతా సజీవ తీగ అయిపోతుంది. బండి రబ్బరు చక్రముల మీద నిలిచియున్నది కనుక ఆ విద్యుత్తు భూమిలోనికి పోదు, ఫ్యూజూ కాలదు. తడి గడ్డిమీద నిలిచి తలుపు పిడి పట్టుకొన్న మనిషే దానికి దారి. లోపలనున్నవారికి ఏమీ తెలియదు. దిగేవారికీ ఎక్కేవారికీ ప్రాణాపాయము. భూసంధానపు మూడవ మేకు అమెరికాలో 1960లలో సార్వత్రికమైనది. 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు చార్లెస్ డాల్జీల్ పోయే ప్రవాహమునూ వచ్చే ప్రవాహమునూ సరిపోల్చి, సుమారు 5 మిల్లీ ఆంపియరులు తేడా వచ్చినా సరఫరాను ఆపివేసే స్విచ్చిని కల్పించినాడు. పాత బండి ఎంత అందమైనదైనను ఈ రెండు లేకుండ దానికి ఇంటి విద్యుత్తును తగిలించుట సాహసము కాదు, అవివేకము. గోడమీది బేకలైటు స్విచ్చిని అట్లే ఉంచుకొనవచ్చును. దాని వెనుకనున్న, గుడ్డ చుట్టిన తీగను ఉంచుకొనరాదు. 1998లో టిన్ కాన్ టూరిస్టుల సంఘము పాత బండ్ల అభిమానులతో మరల వెలసినప్పటి నుండి ఏది ఉంచవలెను, ఏది మార్చవలెను అనే వాదము వారిలో సాగుతూనే ఉన్నది. తీగల విషయములో మాత్రము వాదమునకు చోటు లేదు.

ఇక చలికాలము. మనకు చలికాలమంటే దుప్పటి కప్పుకొనే కాలము. మిన్నెసోటా వంటి ఉత్తరపు రాష్ట్రములలో జనవరి రాత్రులు సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడునకు పోవుట అరుదు కాదు. ఆరునెలలు తిరిగిన బండిని తక్కిన ఆరునెలలు పండబెట్టవలెను. నీటి గొట్టములను ఖాళీ చేయుట అందరికీ తెలిసిన పని. నీరు గడ్డకట్టేటప్పుడు తన ఘనపరిమాణములో నూటికి 9 వంతులు ఉబ్బుతుంది, గొట్టములు పగులుతవి. కాని బ్యాటరీలో కూడా నీరున్నదన్న సంగతిని మరచేవారు అనేకులు.

1859లో గాస్టన్ ప్లాంటే కనుగొని, 1881లో కమీల్ ఫోర్ మెరుగుపరచిన సీసపు బ్యాటరీలో, విద్యుత్తు వాడుకొన్నప్పుడు గంధకికామ్లము పలకలలో చేరి సీసపు సల్ఫేటుగా మారుతుంది. ద్రవములో నీటి పాలు పెరుగుతుంది. నింపినప్పుడు ఆమ్లము మరల ద్రవములోనికి వస్తుంది. కనుక హైడ్రోమీటరుతో ద్రవపు విశిష్ట గురుత్వమును చూస్తే బ్యాటరీ ఎంత నిండియున్నదో తెలుస్తుంది. అది ఎంత చలిని తట్టుకొనగలదో కూడా ఆ అంకెయే చెబుతుంది. పూర్తిగా నిండినప్పుడు విశిష్ట గురుత్వము 1.265, అట్టి ద్రవము సున్నకు దిగువ 57 డిగ్రీల వరకు గడ్డకట్టదు. 1.200 అయితే 27 డిగ్రీల దిగువన, 1.150 అయితే 15 డిగ్రీల దిగువన గడ్డకట్టుతుంది. దాదాపు ఖాళీ అయి 1.100కు దిగినదా, సున్నకు దిగువ 7 డిగ్రీలే చాలు. ఒకే పెట్టె, ఒకే చలి. నిండినది వసంతమును చూస్తుంది, ఖాళీది పెట్టె పగిలి పలకలు వంగిపోయి చస్తుంది. గడ్డకట్టిన బ్యాటరీకి విద్యుత్తు ఎక్కింప ప్రయత్నించరాదు, ప్రేలవచ్చును. మొదట కరగనివ్వవలెను, పిమ్మట పెట్టె పగిలినదేమో చూడవలెను.

కొందరు నిండిన బ్యాటరీని కూడా చలికి భయపడి వెచ్చని గదిలో ఉంచుతారు. తనంత తాను తరిగిపోయే గుణము ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుంది కాబట్టి నిండిన బ్యాటరీకి చల్లనిచోటే మేలు. మన వేసవిలో వాడక పెట్టిన బ్యాటరీలు త్వరగా చచ్చుటకు ఒక కారణమిది. సిమెంటు నేల బ్యాటరీలోని విద్యుత్తును పీల్చివేస్తుందన్న నమ్మకము చెక్కపెట్టెలు, గట్టి రబ్బరు తొట్లు వాడిన కాలపుది. నేటి ప్లాస్టిక్కు పెట్టెలకు అది వర్తించదు. ఇటీవల పాత బండ్లలో కూడా అమర్చుతున్న లిథియము ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీల నియమము వేరు. అవి చలికి పగులవు. కాని సున్న డిగ్రీలకు దిగువన వాటిని నింపబోతే లోహపు లిథియము పలకపై పొరగా పేరుకొని, అవి మరల కోలుకొనలేవు.

బ్యాటరీని విప్పేటప్పుడు ఋణధ్రువపు తీగను ముందుగా తీయవలెను. ధనధ్రువమును ముందు విప్పుతూ పానా చట్రమును తాకితే అగ్గిరవ్వలు లేస్తవి. విప్పకపోతే దీపములన్నీ ఆర్పినా వంటగ్యాసును కనిపెట్టే పరికరము వంటివి చిటికెడు విద్యుత్తును పీలుస్తూనే ఉంటవి. గంటకు నూరు మిల్లీ ఆంపియరు గంటలైనా నెలకు 72 ఆంపియరు గంటలు. మామూలు బ్యాటరీ ఖాళీయగుటకు అది చాలును.

చక్రముల పని కొంత మురికి పని. ఇరుసు బేరింగులను విప్పి, కడిగి, క్రొత్త గ్రీజు కూరుట శీతకాలమునకు ముందే జరగవలెను. వేసవిలో లోపల చేరిన తేమ ఆరునెలలు కదలక నిలిస్తే, గుండ్లు తాకియున్న చోటనే ఉక్కుమీద తుప్పు మచ్చలు పడతవి. వసంతములో బండి కదిలినప్పుడు ఆ మచ్చలే బేరింగును తినివేస్తవి. డ్రమ్ముల లోపలి ముఖము కూడా తుప్పు పట్టుతుంది. మొదటి కొన్ని మైళ్ళు బ్రేకులు గరగరలాడుట అందువలననే. ఇరుసులను దిమ్మలపై ఎత్తి టైర్ల మీది భారమును తగ్గించుట మంచిది. 1960ల మొదటి భాగమునుండి ఎయిర్‌స్ట్రీమ్ బండ్లకు స్ప్రింగు పట్టీల స్థానములో రబ్బరు మెలిక ఇరుసులు వచ్చినవి. ఆ రబ్బరు దశాబ్దముల తరబడి బిగిసి గట్టిపడుతుంది; పైకి చూడ చక్కగానే ఉంటుంది, లోపల స్థితిస్థాపకత్వము శూన్యము. అట్టి బండి ప్రతి గతుకునూ రివెట్లకే అప్పగిస్తుంది.

ఉప్పు మరొక శత్రువు. మంచు కరుగుటకు అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉక్కు చట్రము, అల్యూమినియపు రేకు, నడుమ ఉప్పునీరు – ఇది చక్కని వోల్టా ఘటము. అల్యూమినియము ధనలోహము వలె కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. రేకు క్రింది అంచు ముందుగా పొడియగుటకు కారణమిదే. పండబెట్టుటకు ముందు బండి అడుగుభాగమును మంచినీటితో కడుగుట ఎందుకో దీనిని బట్టి బోధపడుతుంది.

వీటన్నిటికన్న చిన్నది, తరచు ఎక్కువ నష్టము చేసేది ఎలుక. తీగల మీది తొడుగును కొరికి, నేలరేకుకూ అడుగు చెక్కకూ నడుమ గూడు కట్టుకొంటుంది. తీగలు దూరే ప్రతి రంధ్రమునూ ఇనుప పీచుతో కుక్కి మూయవలసినదే.

వసంతములో బండిని లేపేటప్పుడు వరుస తప్పరాదు. బ్యాటరీని తెచ్చి ముందు ధనధ్రువమును, తరువాత ఋణధ్రువమును బిగిస్తారు. కారు ప్లగ్గు తగిలించకముందే, ఒక చక్రమును ఎత్తి చేతితో త్రిప్పుతూ నొగమీది మేకును లాగి చూస్తారు. చక్రము టక్కున ఆగవలెను. ఆగకపోతే బ్యాటరీ, స్విచ్చి, భూసంధానపు మర – ఈ మూడింటిలో ఒకటి కారణము. తరువాత ప్రవాహమును కొలిచి నాలుగు అయస్కాంతములకు 12 ఆంపియరులు పోతున్నవేమో చూస్తారు. పిమ్మట తోకదీపములు, మలుపు దీపములు. ఇక్కడ తీగల రంగులను నమ్మరాదు. పాతకాలములో ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క వరుస. నేటి ఏడు మేకుల ప్లగ్గు లెక్కతో అవి కలియవు. ప్రతి తీగ ఎక్కడికి పోతున్నదో ఓము మీటరుతో వెదకి, చీటీ కట్టుకొని, ఆ పిమ్మటనే ప్లగ్గుకు కలుపుతారు. చివరగా గుండు మీద అంకెను, గిన్నె మీద అంకెను చదివి, రెండూ ఒకటే అయితే గిన్నెను దించి మేకు వేస్తారు. నొగను జాకీతో పైకెత్తినప్పుడు కారు వెనుక భాగము కూడా దానితోపాటు లేస్తే గిన్నె పట్టుకొన్నదని అర్థము.